బలపరిచేవారు ఎవరు?

"ఆ చీరకి ఆ జాకెట్టు కాదు," అంది ఝాన్సీలక్ష్మి.

యలమంద వినిపించుకోలేదు. మంచం మీద సంచీ తెరిచిపెట్టి, బీరువాలోంచి చేతికి అందిన చీరనల్లా తీసి కుక్కుతున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో భార్య బట్టలు అతను సర్దడం ఇదే మొదలు. పచ్చచీర, దాని మీద వంకాయరంగు జాకెట్టు, దాని మీద తువ్వాలు, ఆ పైన ఎప్పుడో ఒక పెళ్ళికి తప్ప కట్టని పట్టుచీర.

బయట గోవర్ధనరావు పంపిన కారు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. అది మధ్యాహ్నం నుంచీ అలాగే ఉంది. వీధిలోవాళ్ళు ఏదో పని ఉన్నట్టు ఆ దారినే వెళ్ళి, అంతలోనే తిరిగి వస్తున్నారు.

"ఒక్క పూట. మా పార్టీ సభ్యులందరూ హంసలదీవి గెస్ట్‌హౌస్‌లో ఉన్నారు. చేపల కూర, సముద్రం గాలి. రేపు పొద్దున్నే అందరితోపాటు బస్సులో మండలాఫీసుకి వస్తావు. చెయ్యెత్తుతావు. అయిపోతుంది," అన్నాడు యలమంద.

"నేను రానని మొన్నే చెప్పానండీ."

"మొన్న చెప్పింది మొన్నటికి."

ఝాన్సీలక్ష్మి చాటలో మినుములు చెరుగుతోంది. చెరగడం ఆపలేదు. పొట్టు ఎగిరి గుమ్మం అవతల పడుతోంది.

ఆమె మండల పరిషత్తు సభ్యురాలై పట్టుమని నెల కాలేదు. ఏ పార్టీ జెండా పట్టుకోకుండా, కుట్టుమిషను గుర్తు మీద గెలిచింది. ఊళ్ళో ఆడవాళ్ళు వేశారు. వాళ్ళెందుకు వేశారో అందరికీ తెలుసు. కడుపులో పడ్డదాన్ని తీయించుకోవడానికి బయలుదేరిన ఆడదాన్ని బస్టాపులో ఆపి, తీసుకొచ్చి, తన ఇంటి పక్కగదిలో పురుడు వచ్చేదాకా ఉంచుకునేది ఈ ఊళ్ళో ఝాన్సీలక్ష్మి ఒక్కతే. పుట్టిన పిల్లల్లో కొందరు తల్లుల దగ్గరే పెరుగుతున్నారు. కొందరిని ఆమే బందరు తీసుకెళ్ళి ప్రభుత్వం వాళ్ళ శిశుగృహంలో అప్పజెప్పి, తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చునేది.

ఇప్పుడు చిక్కేమిటంటే, మండలాధ్యక్ష పదవికి రెండు పార్టీలకీ సరిసమానంగా బలం వచ్చింది. మధ్యలో ఝాన్సీలక్ష్మి చెయ్యి మిగిలింది. అటు గోవర్ధనరావు. ఇటు ప్రకాష్. రేపు ఆ చెయ్యి ఎటు లేస్తే అధ్యక్షపదవి అటు.

గోవర్ధనరావుకి గుడివాడలో నర్సింగ్ హోమ్ ఉంది. అక్కడ పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఖాళీ కడుపుతో వచ్చిన ఆడవాళ్ళను ఝాన్సీలక్ష్మి చాలామందిని చూసింది.

"ఆయన చేతిలో చెయ్యి వేశానే," అన్నాడు యలమంద. గొంతు తగ్గించాడు. గొంతు తగ్గిస్తేనే ఆమెకు భయం. "రైసుమిల్లు దగ్గర, పదిమంది ముందు. మా ఆవిడని నిలబడనివ్వండి బావగారూ, గెలిచాక ఆ చెయ్యి మీదే అన్నాను."

"నా చెయ్యి ఇస్తానని మీరెలా అన్నారండీ?"

"ఎలా అంటానేంటి? మా నాన్న మా అమ్మ ఓటు చెప్పలేదా? మీ నాన్న మీ అమ్మది చెప్పలేదా? ఇంటి పెద్ద మాట ఇంటి మాట. ఈ ఊళ్ళో ఎవర్నడిగినా అదే చెబుతారు."

"మరి నన్ను అడిగారా?"

యలమంద సంచీ జిప్పు లాగాడు. అది సగంలో ఇరుక్కుంది. మళ్ళీ లాగాడు. రాలేదు. సంచీని అలాగే మంచం మీద వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఆ పార్టీ జెండా నేను పాతికేళ్ళు మోశాను. గెలిచినప్పుడూ మోశాను, డిపాజిట్లు పోయినప్పుడూ మోశాను. పదవి అడగలేదు. ఏదీ అడగలేదు. నా మాట మాటే అన్న పేరొక్కటే నాకు మిగిలింది. రేపు దాన్ని నడిబజార్లో పడేస్తావా?"

ఆ మాటకి ఝాన్సీలక్ష్మి చాట కింద పెట్టింది. అతను చెప్పేది అబద్ధం కాదు. యలమంద మాట మీద ఊళ్ళో పెళ్ళిళ్ళు కుదిరాయి. గట్టు తగాదాలు తీరాయి. ఆ పేరు ఆమెకూ ఇష్టమే.

ఏదో అనబోయింది. ఇంతలో గేటు చప్పుడైంది.

గోవర్ధనరావే వచ్చాడు. తెల్ల లుంగీ, మెడలో కండువా. నవ్వు ముందు వచ్చి, మనిషి వెనక వచ్చాడు.

"చెల్లెమ్మా, కారుని పస్తు పడుకోబెట్టావు," అన్నాడు. "డ్రైవరు పాపం నీ అలక తీరేదాకా ఏసీ వేసుకుని కూర్చున్నాడు."

"కూర్చోండి అన్నయ్యగారూ. మజ్జిగ తెస్తాను."

"మజ్జిగ తాగే పని కాదులే. ఒక్క మాట చెప్పు. నీకు నా మీద కోపమా, నా ఆసుపత్రి మీద కోపమా?"

"మీ మీద కోపం లేదండీ."

"మరింకేం! ఆసుపత్రి పోటీ చెయ్యట్లేదుగా, నేను చేస్తున్నాను." తన మాటకి తనే నవ్వాడు. యలమంద కూడా నవ్వాడు, ఆలస్యంగా. "చూడు చెల్లెమ్మా. చట్టం ఒప్పుకున్న పనే నేను చేస్తున్నాను. కాదంటే నా వాకిట్లో అంతమంది ఎందుకు నిలబడతారు? మీ ఊరికి మంచినీళ్ళ ట్యాంకు కావాలి. ఉప్పునీళ్ళు తాగి పిల్లలకి పళ్ళు పాడవుతున్నాయి. అది నేను కట్టిస్తాను. పుట్టినవాళ్ళ సంగతి చూడు ముందు. పుట్టనివాళ్ళకి ఓట్లు లేవు, వాళ్ళ గురించి ఏ పార్టీ మాట్లాడుతుంది చెప్పు?"

"అందుకే అన్నయ్యగారూ. ఎవరూ మాట్లాడరనే."

గోవర్ధనరావు నవ్వు ఆగింది. కండువా సర్దుకున్నాడు. యలమంద వైపు తిరిగాడు.

"బావా, రేపు పదకొండింటికి. నువ్వన్న మాట నీకు గుర్తుందిగా?"

"ఉంది బావగారూ," అన్నాడు యలమంద నేల చూస్తూ.

కారు వెళ్ళిపోయింది. వీధిలో దుమ్ము లేచి మినుముల మీద పడింది.

యలమంద లోపలికి వచ్చి, సంచీలోంచి చీరలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ బీరువాలో పెట్టాడు. మడతలు పాడవకుండా పెట్టాడు. తలుపు వేశాక, వీపు తిప్పకుండానే అన్నాడు.

"రేపు అక్కడ చెయ్యెత్తకపోతే, ఈ ఇంటికి రాకు."

*

పొద్దు వాలుతుండగా పెరటి వైపు నుంచి ప్రకాష్ వచ్చాడు. మోటారుసైకిలు కాలవగట్టు మీదే ఆపి నడిచొచ్చాడు. వెనక సాబిరా. ఆమె పక్క ఊరి సభ్యురాలు, ప్రకాష్ పార్టీ. గెలవకముందు నుంచీ ఝాన్సీలక్ష్మికి తెలుసు. పక్కగదిలో ఎవరైనా ఉన్నప్పుడు వాళ్ళకి అప్పుడప్పుడు క్యారేజీ పంపే మనిషి.

"అక్కయ్యగారూ, దొడ్డిదారిన వచ్చానని ఏమీ అనుకోకండి," అన్నాడు ప్రకాష్. కుర్రతనం పోని మొహం, చేతిలో రెండు ఫోన్లు. "ముందువైపు గోవర్ధనరావుగారి మనుషులు కాపలా ఉన్నారు. మీకు జైలు పెట్టారు."

"కూర్చో నాయనా. యలమందగారు లేరు."

"ఆయన లేరనే వచ్చాను. సూటిగా చెప్పేస్తాను. మీరు మాకు చెయ్యెత్తండి. ఎల్లుండికల్లా ఆ నర్సింగ్ హోమ్ మీద ఫిర్యాదు పెట్టిస్తాను. స్కానింగ్ మిషనుకి సీలు పడుతుంది. మగో ఆడో చెబుతున్నారని సాక్ష్యాలు మా దగ్గరున్నాయి. మీరు ఇన్నేళ్ళు పడ్డ కష్టమంతా ఒక్క రోజులో తీరిపోతుంది."

ఝాన్సీలక్ష్మి అతని వైపు పూర్తిగా తిరిగింది. ఆ మాట ఎవరైనా అంటారా అని ఆమె చాలాకాలం ఎదురుచూసింది.

"నిజంగానా ప్రకాష్?"

"నిజంగానే."

"మరి బందర్లో మీ బావమరిదిగారి ఆసుపత్రి ఉందిగా. అక్కడా అదే జరుగుతుంది. పోయినేడు మా పక్కగదిలో ఉన్న పిల్లని ముందు అక్కడికే తీసుకెళ్ళారు. దానికి కూడా సీలు వేయిస్తారా?"

ప్రకాష్ చేతిలో ఒక ఫోను వెలిగింది. దాన్ని చూశాడు. అది ఆరిపోయాక రెండో దాన్ని చూశాడు.

"అది వేరే విషయం అక్కయ్యగారూ."

"ఎలా వేరు?"

"మీరు అన్నీ ఒకేసారి కావాలంటే ఎలాగండీ? ముందు ఒకటి. తర్వాత చూద్దాం."

"తర్వాత అంటే?"

అతను లేచాడు. "సాబిరాగారూ, మీరు మాట్లాడండి. నేను గట్టు మీద ఉంటాను," అని వెళ్ళిపోయాడు.

ఇద్దరు ఆడవాళ్ళు మిగిలారు. సాబిరా దణ్ణెం మీద బట్టలు ఎండిపోయి ఉండడం చూసి, అలవాటుగా లేచి తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది.

"నా మనసూ నీ మనసే అక్కా," అంది. "నీకు తెలుసు. మా ఇంట్లో అలాంటి పని ఏనాడూ జరగలేదు. అల్లా ఇచ్చినదాన్ని వద్దనడానికి మనమెవరం? కానీ రెండిట్లో కాస్త మేలైనదేదో చూసుకుని వెయ్యాలి కదా. అందరం చేసేది అదే. బియ్యంలో రాళ్ళున్నాయని అన్నం వండుకోవడం మానేస్తామా?"

"ఏరుకుని వండుకుంటాం."

"ఏరడానికి నీకెవరు టైమిస్తారు? రేపు పదకొండింటికే మీటింగు."

ఝాన్సీలక్ష్మికి నవ్వొచ్చింది. సాబిరా కూడా నవ్వింది.

"సాబిరా, నువ్వే అధ్యక్షురాలివైతే?"

"నేనా? ఏం మాటలక్కా! మా పార్టీవాళ్ళు విప్ ఇచ్చారు. ప్రకాష్‌గారికి కాకుండా ఇంకెవరికి చెయ్యెత్తినా నా సభ్యత్వం ఊడుతుంది. మా ఆయన మొహం చూడలేను."

"పార్టీ సంగతి కాదు. నిన్నడుగుతున్నాను. నీకు అధికారం ఉంటే ఏం చేస్తావు?"

సాబిరా చేతిలోని చీర సగం మడతలో ఆగింది. "ముందు నీ పక్కగది లాంటిది మండలంలో ఇంకొకటి పెట్టిస్తాను," అంది మెల్లగా. "ట్యాంకు కూడా కట్టిస్తాననుకో."

గట్టు మీద నుంచి హారను వినిపించింది. సాబిరా చీరను తీగ మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

చీకటి పడకముందే విజయవాడ నుంచి కూతురు సుష్మిత ఫోన్ చేసింది. అక్కడ పెద్దాసుపత్రిలో నర్సు. తండ్రి చెప్పి ఉంటాడు. పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టింది.

"అమ్మా, నాన్న ఏడుస్తున్నారు. ఎప్పుడైనా విన్నానా నేను ఆయన ఏడవడం?"

"నా దగ్గర ఏడవలేదే."

"నీ దగ్గర ఎలా ఏడుస్తారు? అమ్మా, నీ నమ్మకం నీది. నేను కాదనను. కానీ నీకు కనబడేది ఒక్క వైపే. మా వార్డుకి పద్నాలుగేళ్ళ పిల్లలొస్తారు. ఇంట్లోవాడే పాడుచేసి పంపిస్తాడు. దానికి నువ్వేం చెబుతావు? కనమంటావా? దాని ముందు నిలబడి చెప్పగలవా ఆ మాట?"

ఝాన్సీలక్ష్మి జవాబు కోసం వెతికింది. అవతల సుష్మిత ఊపిరి వినిపిస్తోంది.

"నిలబడి చెప్పలేను," అంది చివరికి. "పక్కన కూర్చుంటాను."

"కూర్చుని?"

"కూర్చుంటానమ్మా. ఇద్దర్లో ఎవర్నీ పోనివ్వకూడదనే చూస్తాను. అంతకంటే నాకు తెలియదు."

"తెలియనప్పుడు అందరిలాగా ఎవరో ఒకరికి చెయ్యెత్తేయొచ్చుగా!"

సుష్మిత ఫోన్ పెట్టేసింది. ఆమె పెట్టేశాక కూడా ఝాన్సీలక్ష్మి ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడింది. మాట్లాడడానికి ఇంకెవరున్నారా అని మనసులో ఒక్కొక్క పేరే తలుచుకుంది. ఎవరూ తట్టలేదు.

*

మండలాఫీసు ముందు రెండు బస్సులు ఆగాయి. ఒకటి హంసలదీవి నుంచి, ఒకటి కూచిపూడి వైపు నుంచి. ఒక బస్సులో వాళ్ళకి సముద్రపు గాలికి మొహాలు నల్లబడ్డాయి. ఇంకో బస్సులో వాళ్ళు నిద్రకళ్ళతో ఉన్నారు. అందరి చుట్టూ మనుషులు. పెళ్ళికూతుళ్ళని నడిపించినట్టు నడిపించుకుంటూ తీసుకొచ్చారు.

ఝాన్సీలక్ష్మి ఆటోలో ఒక్కతే వచ్చింది. పచ్చచీర, దానికి సరైన జాకెట్టే.

గేటు బయట జనంలో యలమంద ఉన్నాడు. మెడలో ఎప్పటి కండువానే. ఆమె దగ్గరగా నడిచి వెళ్ళింది. అతను పలకరించలేదు. ఆమె చెయ్యి వైపు మాత్రం ఒకసారి చూశాడు.

హాలు పొడుగ్గా ఉంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి రావట్లేదు. ఒకవైపు ఆరుగురు, ఎదురుగా ఆరుగురు. ఝాన్సీలక్ష్మికి కుర్చీ ఎటు వెయ్యాలో అటెండరుకి తెలియలేదు. కుర్చీ పట్టుకుని కాసేపు తిరిగి, చివరికి తలుపు పక్కన వేశాడు.

ఎన్నికల అధికారి నెమ్మదైన మనిషి. కళ్ళజోడు తుడుచుకుని నియమాలు చదివాడు. ఒకరు పేరు ప్రతిపాదించాలి. ఇంకొకరు బలపరచాలి. తర్వాత చేతులెత్తాలి.

గోవర్ధనరావు పేరు ప్రతిపాదించారు. బలపరిచారు. ప్రకాష్ పేరు ప్రతిపాదించారు. బలపరిచారు.

"ఇంకెవరైనా?" అని అడిగాడు అధికారి, అడగాలి కాబట్టి.

ఝాన్సీలక్ష్మి లేచి నిలబడింది. ముందు కుర్చీ వీపు పట్టుకుంది.

"అయ్యా, నేనొక పేరు చెబుతాను. సాబిరా పేరు."

హాల్లో గోలయింది. ప్రకాష్ మొహం తెల్లబోయింది. సాబిరా తలమీద కొంగు ముందుకు లాక్కుని, "అక్కా, కూర్చో, నీకు దణ్ణం పెడతా," అని గొణిగింది. కిటికీ బయట నుంచి ఎవరో "ఇదేం నాటకమే ముసలమ్మా!" అని అరిచారు.

"నిశ్శబ్దం," అన్నాడు అధికారి. "ఈ పేరును బలపరిచేవారు ఎవరు?"

ఎవరూ కదల్లేదు.

"బలపరిచేవారు ఎవరైనా ఉన్నారా?"

ఝాన్సీలక్ష్మి ఒక్కొక్క మొహమే చూసింది. ఆ వరసలో ఉన్న ఒక సభ్యురాలి చెల్లెలు తన పక్కగదిలో పురుడు పోసుకుంది. ఆ మనిషి గోడ మీద క్యాలెండరు చూస్తోంది. ఇంకొకాయన మనవడిని ఈ చేతులతోనే ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది. ఆయన చెప్పులు చూసుకుంటున్నాడు. సాబిరా కొంగు చాటున ఏడుస్తోంది. ఏడుస్తున్నా చెయ్యి ఒళ్ళోనే ఉంది.

పదముగ్గురున్న హాలు అంత ఖాళీగా ఉంటుందని ఝాన్సీలక్ష్మి అనుకోలేదు.

"బలపరచలేదు కాబట్టి ఈ పేరు పరిగణించడం లేదు," అని అధికారి రాసుకున్నాడు. ఆయన గొంతు ఎందుకో మెత్తబడింది. "కూర్చోండమ్మా."

గోవర్ధనరావుకి చేతులెత్తమన్నాడు. ఆరు లేచాయి. అందరి కళ్ళూ తలుపు పక్క కుర్చీ మీదే. కిటికీ ఊచల మధ్య నుంచి యలమంద మొహం కనిపించింది. ఆ మొహం అడుగుతోంది. బెదిరించడం లేదు, అడుగుతోంది. పెళ్ళయిన కొత్తలో కూడా ఏదీ ఆమెను అలా అడగలేదు.

ఝాన్సీలక్ష్మి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కళ్ళు మళ్ళీ ఎత్తేసరికి కిటికీ దగ్గర యలమంద లేడు.

ప్రకాష్‌కి ఆరు లేచాయి. దానికీ ఆమె కదల్లేదు.

అధికారి రెండు చీటీలు రాసి మడిచి స్టీలు గిన్నెలో వేశాడు. అటెండరు కళ్ళు మూసుకుని ఒకటి తీశాడు. ప్రకాష్ పేరు వచ్చింది.

టపాకాయలు మోగాయి. గోవర్ధనరావు మనుషుల్లో ఒకడు ఆమె కుర్చీ దగ్గర ఉమ్మేసి వెళ్ళాడు. "ఎంతకి అమ్ముకున్నావే?" అన్నాడు ఇంకొకడు. ప్రకాష్ మనుషులు మాత్రం ఆమె చుట్టూ మూగారు. "అక్కయ్యగారి దయ! చెయ్యెత్తకుండానే గెలిపించింది! తెలివంటే అదీ!" అంటూ వద్దన్నా వినకుండా తమ కండువా ఆమె భుజాల మీద కప్పారు. ఫోన్లు పైకి లేచాయి. ఫోటోలు తీశారు.

ఆమె కండువా లాగి కుర్చీ మీద పెట్టింది. కానీ అప్పటికే ఫోటో వెళ్ళాల్సిన చోటికల్లా వెళ్ళిపోయింది.

*

ఆటోవాడు ఎక్కించుకోనన్నాడు. రెండోవాడూ అంతే. కాలవగట్టు వెంట నడిచింది. కోసిన పొలాల్లో కొంగలు దిగి ఉన్నాయి. ఎదురొచ్చినవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. రోజూ "ఎటు వదినా?" అని అడిగే మనుషులే.

ఇల్లు చేరేసరికి ఎండ పచ్చబడింది. ఇంటికి రాకు అన్న మాట ఆమె దారంతా మోసుకొచ్చింది. గేటు ముందు ఆగింది. గేటుకి తాళం లేదు. తలుపూ తీసే ఉంది.

యలమంద అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మెడలో కండువా లేదు. పాతికేళ్ళుగా ఉన్నది లేకపోయేసరికి ఆ మెడ ఎవరిదో అన్నట్టుంది.

"ఏవండీ," అంది.

అతను వీధి చూస్తున్నాడు.

"నేను వాళ్ళకి ఎత్తలేదండీ. ఎవరికీ ఎత్తలేదు. ఆ ఫోటో..."

"చూశాను."

అంతే అన్నాడు. రమ్మనలేదు. పొమ్మనలేదు. ఆమె పక్కనుంచి లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కుంది. పొయ్యి వెలిగించింది. అతనికి ఇష్టమని చింతచిగురు పప్పు చేసింది. కంచంలో అన్నం పెట్టి, అరుగు మీదికి తెచ్చి అతని పక్కన పెట్టింది. అన్నం మీద ఆవిరి ఆగిపోయేదాకా అతను దాని వైపు చూడలేదు.

"పొమ్మంటే పోతానండీ. అది ఒక్కసారి నోటితో చెప్పండి," అంది.

"చెప్పాను కదా నిన్న. ఏం లాభం? నా మాట ఎవరు విన్నారు?"

గడప మీద కూర్చుంది. ఇద్దరి మధ్యా చల్లారిపోయిన కంచం. తిట్టినా బాగుండేదని అనిపించింది ఆమెకి.

సంధ్యదీపం వేళకి గేటు దగ్గర ఎవరో నిలబడ్డారు. చిన్నపిల్ల కాదు, పెద్దదీ కాదు. ఖరీదైన చీర, భుజాన సంచీ. లోపలికి రావాలా వద్దా అన్నట్టు గేటు పట్టుకుని ఆగిపోయింది.

యలమందే ముందు గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. "ఐశ్వర్యమ్మా! మీరా? బావగారు పంపారా?"

ఆమె గోవర్ధనరావు కోడలు. ఎప్పుడూ కారు అద్దం వెనక నుంచే తప్ప ఈ వీధి తొక్కి ఎరగదు. ఇప్పుడు చెప్పుల నిండా కాలవగట్టు మట్టి.

"మావయ్యగారికి తెలియదు అంకుల్," అంది. యలమందని దాటి ఝాన్సీలక్ష్మిని చూసింది. "ఆంటీ, పొద్దున నేనూ వచ్చాను మండలాఫీసుకి. కారులో కూర్చున్నాను. మీరు ఎవరికీ చెయ్యెత్తలేదని అందరూ తిడుతుంటే విన్నాను."

"లోపలికి రా తల్లీ. ముందు కూర్చో."

ఐశ్వర్య కూర్చోలేదు. "నాకు ఇద్దరు ఆడపిల్లలు. ఇది కూడా ఆడపిల్లేనని మా సొంత ఆసుపత్రిలోనే చూసి చెప్పారు. నాలుగో నెల. రేపు పొద్దున్నే రమ్మన్నారు. నాకు ఇష్టం లేదు ఆంటీ. చెప్పాను. ఆయనకి చెప్పాను, అత్తయ్యగారికి చెప్పాను. మా అమ్మకి ఫోన్ చేస్తే సర్దుకుపొమ్మంది." సంచీ పట్టీని బిగించి పట్టుకుంది. "ఆ పార్టీకి వెళ్దామంటే ప్రకాష్‌గారి బావమరిదీ మా మావయ్యగారూ ఒకే పని చేస్తారు. ఇంకెక్కడికి వెళ్ళాలో తెలియలేదు. మీ పక్కగది ఖాళీగా ఉందా?"

ఝాన్సీలక్ష్మి లేచింది. అవునని నోటిదాకా వచ్చింది. కానీ ఇవాళ ఆ ఇల్లు తనదో కాదో ఆమెకే తెలియదు. భర్త వైపు తిరిగింది.

యలమంద జేబులో ఫోన్ మోగింది. తీసి చూసి, గబుక్కున చెవికి పెట్టుకున్నాడు, పాతికేళ్ళ అలవాటు కొద్దీ.

"బావగారూ..."

అవతలి గొంతు గట్టిది. అరుగు మీద అందరికీ వినిపించింది.

"యలమందా, నువ్వు నాకు చేసింది తర్వాత మాట్లాడుకుందాం. ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. నువ్వు నాతో ఇంతవరకూ అబద్ధమాడలేదు. మా కోడలు మీ ఇంటికి వచ్చిందా?"

ఐశ్వర్య రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని గోడకి ఆనుకుంది. ఝాన్సీలక్ష్మి వెళ్ళి ఆమె పక్కన నిలబడింది. నిన్నటిదాకా తన తరఫున మాట ఇచ్చిన మనిషికి, ఇవాళ తనేం చెప్పాలన్నా నోరు రాలేదు.

"వినపడుతోందా యలమందా? వచ్చిందా, రాలేదా?"

యలమంద భార్యని చూశాడు. పొద్దున కిటికీ ఊచల మధ్య నుంచి చూసినట్టే చూశాడు. తర్వాత గేటు వేసి ఉందో లేదో చూశాడు.

"చెబుతున్నాను బావగారూ," అని గొంతు సవరించుకున్నాడు.